మైక్ కొనే ముందు మన పులివెందుల బీఎన్ రెడ్డిని ఒకసారి కలవండి

పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకుంటున్నారా? అయితే మీ ఫోన్‌లో ఇప్పుడు ఏముందో నేను చెప్పగలను. ఒక ట్యాబ్‌లో కండెన్సర్ మైక్, ఇంకో ట్యాబ్‌లో డైనమిక్ మైక్, మూడో దాంట్లో కాలర్‌కు తగిలించుకునే బుల్లి మైక్. వాటిని పోల్చే వీడియోలు ఇప్పటికే పదో పదిహేనో చూసుంటారు. ప్రొద్దుటూరులో ఉన్నా, జమ్మలమడుగులో ఉన్నా, పులివెందులలో ఉన్నా అందరి సందేహమూ ఒకటే. ఏ మైక్ కొంటే నా గొంతు బాగుంటుంది?

ఈ ప్రశ్న వెంట పడి నేనూ కొంత డబ్బు వదిలించుకున్నాను. ఖరీదైన మైక్ కొన్నాను, రికార్డు చేశాను, విన్నాను. నా గొంతు కంటే మా ఇంటి ఫ్యానే స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాతే మన జిల్లా మనిషి ఒకాయన జీవితాన్ని కాస్త శ్రద్ధగా చదివాను. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఆయనే బీఎన్ రెడ్డి. రికార్డింగ్ అయ్యాక శబ్దాన్ని బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఊహకు కూడా అందని రోజుల్లో, ఇప్పటికీ జనం చెవుల్లో నిలిచిన సినిమాలు తీసిన దర్శకుడు.

కొత్తపల్లి నుంచి మద్రాసుకు

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి 1908 నవంబరు 16న పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టారు. వాళ్ల కుటుంబానికి మద్రాసులో వ్యాపారం ఉండేది. మనం ఎర్రగడ్డలనే ఉల్లిపాయలను బర్మాకు ఎగుమతి చేసేవారు. ఆ తర్వాత మద్రాసులోనే ప్రింటింగ్ ప్రెస్ వచ్చింది. అదే బీఎన్‌కే ప్రెస్. చిన్నప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు దాచుకుని చదివిన చందమామ 1947లో మొదలైంది ఆయన తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణిల చేతుల మీదుగానే.

అంటే సినిమా వీళ్ల ఇంటి వృత్తి కాదు. బీఎన్ రెడ్డికి ఇరవై మూడేళ్లున్నప్పుడు, 1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చింది. తీసింది హెచ్.ఎం.రెడ్డి. మాట్లాడే బొమ్మ అప్పటికి ఎంత కొత్తదో, మీకు ఇవాళ పాడ్‌కాస్టింగ్ అంత కొత్తది. నేర్పే కాలేజీ లేదు. పని చేస్తున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవడమే దారి. బీఎన్ రెడ్డి ఆ దారే పట్టారు. హెచ్.ఎం.రెడ్డితో కలిసి రోహిణీ పిక్చర్స్‌లో పనిచేశారు. 1938లో గృహలక్ష్మి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా మూలా నారాయణస్వామి లాంటి వారి తోడుతో వాహినీ సంస్థ నిలబడింది. 1939లో వందేమాతరం సినిమాతో బీఎన్ రెడ్డి దర్శకుడయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై.

తప్పు చేస్తే ఫిల్మ్ పోయేది

ఆ రోజుల్లో శబ్దాన్ని ఎలా పట్టేవారో తెలిస్తే ఆయన జాగ్రత్త మీకు అర్థమవుతుంది. మైక్ పట్టిన శబ్దం కరెంటుగా మారేది. ఆ కరెంటు ఒక వెలుగును ఆడించేది. ఆ వెలుగు ఫిల్మ్ అంచున గీతలా పడేది. దాన్ని ల్యాబ్‌లో కడిగి, ఆరబెట్టి, ప్రింట్ వేస్తే గానీ ఏం రికార్డయిందో పూర్తిగా తెలిసేది కాదు. మాగ్నెటిక్ టేపు మన స్టూడియోల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అన్‌డూ బటన్ లేదు. నాయిస్ రిమూవల్ లేదు. మధ్యలో ఎవరైనా దగ్గితే ఫిల్మ్ పోయినట్టే, డబ్బు పోయినట్టే.

పైగా తొలి టాకీల్లో నటులే కెమెరా ముందు పాడాలి. వాద్యగాళ్లు ఫ్రేమ్‌లో పడకుండా పక్కనే కూర్చుని వాయించాలి. కెమెరా చప్పుడు మైక్‌కు వినపడకుండా దానికి మందపాటి తొడుగు వేయాలి. ఫ్యాన్లు ఆపాలి. ఆ వేడిలో, ఆ లైట్ల కింద, పాట మొత్తం తప్పు లేకుండా రావాలి.

మైకుల తయారీ అప్పటికే ముందుకు వెళ్లింది. జర్మనీలో నాయ్‌మాన్ 1928లోనే కండెన్సర్ మైక్ అమ్మకానికి తెచ్చాడు. అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ 1930ల మొదట్లో రిబ్బన్ మైక్ తెచ్చింది. అది ముందు నుంచీ వెనక నుంచీ వింటుంది, పక్కల నుంచి వచ్చేది దాదాపు వినదు. అక్కరలేని చప్పుడును ఆ చెవిటి వైపు ఉంచితే సగం గోల తగ్గిపోతుంది. గమనించారా, అప్పటివాళ్ల ప్రాసెసింగ్ అంతా రికార్డింగ్‌కు ముందే అయిపోయేది. మైక్ ఎక్కడ పెట్టాలి, మనిషి ఎక్కడ నిలబడాలి, గది ఎలా ఉండాలి, మాట ఎలా పలకాలి. అన్నీ ముందే తేలాలి.

గొంతు దగ్గర రాజీ లేదు

వందేమాతరం, సుమంగళి, దేవత, స్వర్గసీమ. బీఎన్ రెడ్డి మొదటి నాలుగు సినిమాల్లోనూ చిత్తూరు నాగయ్యే ఉన్నారు. నాగయ్య నాటకాల్లోంచి వచ్చిన గాయకుడు. మైక్ లేని నాటకంలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలంటే గొంతు చించుకోవాలి. మైక్ ముందు ఆ అవసరం లేదు. జానెడు దూరంలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే చాలు. నాగయ్య తెరమీద మాట్లాడిన పద్ధతి అదే. మెత్తగా, ఎదురుగా ఉన్న ఒక్కరికే చెబుతున్నట్టు.

మీ పాడ్‌కాస్ట్‌కూ ఇదే మొదటి పాఠం. వేదికెక్కి ఉపన్యాసం ఇచ్చినట్టు మాట్లాడకండి. మీ మాట వినేవాడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడనుకోండి. అతనొక్కడితోనే మాట్లాడండి.

1945లో వచ్చిన స్వర్గసీమ ఇంకో రెండు గొంతుల్ని నిలబెట్టింది. భానుమతి పాడిన పావురం పాట ఆమెను ఇంటింటికీ చేర్చింది. అదే సినిమాలో భానుమతితో కలిసి ఒక కుర్రాడు తన తొలి సినిమా పాట పాడాడు. విజయనగరంలో సంగీతం చదువుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి, మద్రాసులో అవకాశాల కోసం తిరుగుతున్న ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు తెలుగువాళ్లు ఏ గొంతు విన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

రేడియో నాటకం నుంచి మల్లీశ్వరి

బీఎన్ రెడ్డి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మల్లీశ్వరి. ఆ కథకు ఒక మూలం బుచ్చిబాబు రాసిన రేడియో నాటకం. అంటే కేవలం చెవి కోసం రాసిన కథ. మీరు తీయబోయే పాడ్‌కాస్ట్‌కు అది పెద్దక్క లాంటిది. దేవన్ శరార్ రాసిన మరో కథనూ కలుపుకొని, కృష్ణదేవరాయల కాలపు పల్లె ప్రేమకథగా దాన్ని మలిచారు.

పాటలు రాయడానికి దేవులపల్లి కృష్ణశాస్త్రిని సినిమాల్లోకి తీసుకొచ్చింది ఈ చిత్రమే. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. పాడింది ఘంటసాల, భానుమతి. పాటలు, వరసలు కుదిరేదాకా నెలల తరబడి కూర్చున్నారు. మైక్ ముందుకు వెళ్లేసరికి ఏ మాట ఎక్కడ విరగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తేలిపోయి ఉండాలి. 1951 డిసెంబరు 20న సినిమా విడుదలైంది. 1953లో చైనాలో అక్కడి భాష సబ్‌టైటిళ్లతో ఆడింది.

ఈలోగా మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో లేచింది. శబ్ద విభాగంలో ఎ.కృష్ణన్ లాంటి నిపుణులు పనిచేశారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా, లోపలి గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా ఫ్లోర్ కట్టడమే స్టూడియో కట్టడంలో అసలు ఖర్చు. తర్వాత ఆ స్టూడియో నిర్వహణ తమ్ముడు నాగిరెడ్డి చేతికి వచ్చి విజయ-వాహినీగా పేరుపడింది. బీఎన్ రెడ్డి మాత్రం సినిమాలు తీయడం మీదే ఉండిపోయారు. జార్జ్ ఇలియట్ నవల సైలాస్ మార్నర్ ఆధారంగా బంగారు పాప తీశారు. భాగ్యరేఖ, రాజమకుటం, పూజాఫలం వచ్చాయి. 1966లో రంగులరాట్నంతో చంద్రమోహన్‌ను పరిచయం చేశారు. 1969లో ఆఖరి చిత్రం బంగారు పంజరం.

లెక్కేయండి. ముప్పై ఏళ్లలో దర్శకత్వం వహించినవి పదకొండే సినిమాలు. ఏడాదికి మూడు నాలుగు సినిమాలు చేసినవాళ్లున్న పరిశ్రమలో అది చాలా చిన్న సంఖ్య. కానీ 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది ఆయనకే. ఆ గౌరవం పొందిన తొలి తెలుగు దర్శకుడు మన పులివెందుల తాలూకా వ్యక్తి. 1977 నవంబరు 8న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మీ గదిలోకి రండి

మన ఊళ్లలో చాలా ఇళ్లకు కింద కడప బండలే. వేసవిలో చల్లగా ఉంటాయి, కానీ శబ్దానికి మాత్రం అద్దంలాంటివి. మీ మాట బండకు, సున్నం గోడకు కొట్టుకుని మళ్లీ మైక్‌లోకే వస్తుంది. డబ్బాలో మాట్లాడినట్టు వినిపించేది అందుకే. ఈ ప్రతిధ్వనిని ఏ ప్లగిన్ కూడా పూర్తిగా తీయలేదు. కింద బొంత పరచండి, వెనక దుప్పటి వేలాడదీయండి, బట్టల బీరువా తలుపు తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి. ఫ్యాన్ ఆపండి. తెల్లవారుజామున రోడ్డు మీద హారన్లు మొదలవకముందే రికార్డు చేయండి. ఖర్చు సున్నా.

తర్వాత మైక్‌ను పరీక్షించండి. స్నేహితుల దగ్గర దొరికిన రెండు మూడు మైకులు, మీ ఫోన్ కూడా తీసుకోండి. ఒకే పేరా, ఒకే దూరం, ఒకే గది. జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి చదవండి. దూరం రెట్టింపైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. డైనమిక్ మైక్ చుట్టుపక్కల గోలను వినదని చాలామంది చెబుతారు. నిజానికి దాని సున్నితత్వం తక్కువ కాబట్టి మీరు దానికి దగ్గరగా జరుగుతారు. గోల తగ్గేది ముఖ్యంగా ఆ దగ్గరతనం వల్లే. కండెన్సర్‌కూ అంతే దగ్గరగా కూర్చుంటే తేడా చాలావరకు కరిగిపోతుంది.

ఇప్పుడు అన్ని ఫైళ్ల వాల్యూమ్ సమానం చేయండి. ఈ ఒక్క పని చేయకపోతే టెస్ట్ మొత్తం వృథా, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించిందే మన చెవికి మంచిదిగా అనిపిస్తుంది. పేర్లు తీసేసి ఒకటి, రెండు, మూడు అని పెట్టి ఫ్రెండ్‌కు ఇవ్వండి. ఏది ఏ మైకో తెలియకుండా వినండి. ఇయర్‌ఫోన్‌లో వినండి, ఫోన్ స్పీకర్‌లో వినండి, బస్సులో వినండి. ధర తెలియనప్పుడు మీ చెవి ఏం చెబుతుందో అదే నమ్మదగ్గ మాట.

ప్రాసెసింగ్ చివర్లో, అదీ ఉప్పులా. సుమారు 80 హెర్ట్జ్ కింద ఉన్న గుర్రు తీసేయండి. కంప్రెషన్ మూడుకు ఒకటి నిష్పత్తిలో మెత్తగా పెట్టండి. ఎక్కువైతే మీ ఊపిరీ, గది గోలా కూడా పైకి లేస్తాయి. నాయిస్ రిమూవల్ గట్టిగా లాగితే గొంతు నీళ్లలో మునిగినట్టు అవుతుంది. చివరి లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉంచితే చాలు, యాపిల్ పాడ్‌కాస్ట్స్ సూచించేదీ అదే.

ఇదంతా చేశాక కూడా కొత్త మైక్ కావాలనిపిస్తే కొనుక్కోండి, తప్పు లేదు. కానీ ఈఎంఐ పెట్టి కొన్న మైక్ ఆరో ఎపిసోడ్ నాటికి అటక ఎక్కడం నేను చాలా ఇళ్లలో చూశాను. అక్కడ చెప్పాల్సిన కథ ముందుగా సిద్ధం కాలేదు. మల్లీశ్వరి కోసం పట్టిన ఆ నెలలు గుర్తు తెచ్చుకోండి. వారానికి మూడు ఎపిసోడ్లు పెట్టాలన్న తొందరలో ఉంటే పదకొండు అనే అంకెను కూడా గుర్తు తెచ్చుకోండి. గండికోట గురించి చెబుతారో, చీనీ తోటల గురించి చెబుతారో, జమ్మలమడుగు మగ్గాల గురించి చెబుతారో మీ ఇష్టం. ముందు పేజీ రాసుకుని, మీ అమ్మకో అబ్బకో చదివి వినిపించండి. వాళ్లు మధ్యలో లేచి వెళ్లకుండా చివరిదాకా కూర్చుంటే, ఆ రోజు ఫ్యాన్ ఆపి ఫోన్‌లోనే రికార్డ్ బటన్ నొక్కండి.