సోనాబాయి: నాలుగు గోడల మధ్య మొలిచిన మట్టి అడవి

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమిని 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఊరికీ, పక్కనే ఉన్న హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడకూ పొట్ట చేతపట్టుకుని వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోనే, దూరాన ఉత్తరపు కొసన ఉన్న సర్గుజాలో మాత్రం దాదాపు అదే కాలంలో ఒక ఇల్లాలు కొలిమీ ఆవమూ లేకుండా, పచ్చి మట్టితోనే చెట్లూ పిట్టలూ చేసుకుంటోంది. ఆమె సోనాబాయి రజవార్.

1930 ప్రాంతంలో పుట్టిన సోనాబాయికి పద్నాలుగేళ్లకే, వయసులో చాలా పెద్దవాడైన హోలీరామ్‌తో పెళ్లయింది. పుహ్‌పుత్రా ఊరి చివర ఇల్లు కట్టుకున్నాక భర్త ఆమెను గడప దాటనివ్వలేదు. దాదాపు పదిహేనేళ్లు పుట్టింటివారి ముఖం కూడా చూడలేదు. ఈ కథను ఒంటరితనం వికసించిన కళగా ముచ్చటగా చెప్పుకోవడం మామూలైపోయింది కానీ, అది నిర్బంధమే.

కొడుకు దరోగా రామ్‌కు ఆడుకోవడానికి తోడు లేదు, బొమ్మలు లేవు. చేతికందిన మట్టితోనే ఆమె బొమ్మలు చేసిచ్చారు. పంట ఇంటికొచ్చాక గోడలు అలికి, వాటిమీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చడం రజవార్ స్త్రీలకు అలవాటే. కాబట్టి ఆమె పని శూన్యంలోంచి ఊడిపడిందనడం అతిశయోక్తి. చిన్నప్పుడు చూసినదాన్ని ఒంటరిగా ఎంత దూరం తీసుకెళ్లారన్నదే విశేషం.

ఎండకు అడ్డంగా ఆమె కట్టిన జాలీలే అందుకు సాక్ష్యం. సన్నటి వెదురు బద్దలను చక్రాల్లా వంచి, ఒకదానికొకటి ముడివేసి, పైన మట్టి మెత్తేవారు. గాలి ఆడేది, వెలుతురు నేలమీద చుక్కలు చుక్కలుగా పడేది. ఆ కంతల్లో పిట్టలు, కోతులు, పాములు, చెట్లు. వేణువూదే కృష్ణుడూ ఉండేవాడు. రంగులకు దుకాణం ఎక్కడిది? తెల్లమట్టి, జేగురు, పసుపు, ఆకులు, వంటింటి దినుసులే.

1982లో మొదలైన భోపాల్‌లోని భారత్ భవన్ జానపద, గిరిజన కళాఖండాల కోసం పల్లెలకు మనుషులను పంపింది. 1983లో వాళ్లు ఈ ఇల్లు చూశారు. ఆమె చేసిన పని మ్యూజియానికి చేరింది, జాతీయ పురస్కారమూ వచ్చింది. ఒకప్పుడు గడప దాటని మనిషి అమెరికా దాకా వెళ్లి అక్కడ తన పని చేసి చూపించారు. తర్వాత కొడుక్కీ కోడలికీ ఆ విద్య నేర్పారు, బయటివారికీ నేర్పారు.

2007లో ఆమె కన్నుమూశారు. 2009లో శాన్ డియేగోలోని మింగే మ్యూజియం ఆమె పనితో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు ఆ జాలీలు కొనేవారి గోడకు తగిన కొలతల్లో, విడి పలకలుగా తయారవుతున్నాయి. ఆమె ఇంట్లో అవి వసారాకు నీడ.