జీతమిచ్చే చేయి, స్నేహమిచ్చే చేయి: బిషప్ అజరయ్య జీవితం నేర్పే పాఠం

పెద్ద ఆసుపత్రుల్లోను, కంపెనీల్లోను ఉద్యోగులను కూర్చోబెట్టి జాతి వివక్షను ఎలా గుర్తించాలో, ఎదురైనప్పుడు ఏం చేయాలో నేర్పే తరగతులు ఇప్పుడు మామూలయ్యాయి. విదేశాల్లో నర్సులుగా, ఇంజనీర్లుగా పనిచేస్తున్న మన పిల్లలు చాలామంది అలాంటి తరగతులకు హాజరై, చివర్లో ఒక సర్టిఫికెట్ తీసుకుని వస్తున్నారు. మంచిదే. అయితే ఈ పాఠాన్ని నూరేళ్లకు ముందే, తాను పనిచేసే వ్యవస్థను నడిపే పెద్దల ముఖం మీదే చెప్పిన ఒక మనిషి మన తెలుగు నేల మీద ముప్పై అయిదేళ్లు బతికాడన్న సంగతి మనలో ఎందరికి గుర్తుంది? విజయవాడలో ఆయన పేరుతో పాఠశాల ఉంది. దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం ఉంది. పేరు మిగిలింది కానీ, ఆ పేరు వెనుక ఉన్న పోరాటం మరుగున పడింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘ కాపరి. తల్లి ఎలెన్ గట్టి భక్తురాలు. మిషన్ బడుల్లో చదువుకుంటున్న రోజుల్లోనే అజరయ్య తోటి విద్యార్థులతో కలిసి కుల భేదాలను తగ్గించేందుకు ఒక సంఘం పెట్టారు. ఒకే బల్ల మీద కూర్చుని పాఠం వినే పిల్లలు అన్నం దగ్గరికి వచ్చేసరికి విడిపోతారన్న విషయం ఆయనకు చిన్ననాడే తెలిసింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. పరీక్షల వేళ జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ.లో ఉద్యోగిగా చేరారు.

ఆ ఉద్యోగమే ఆయనకు రెండు రకాల తెల్లవారిని చూపించింది. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ ఆయనకు సాటి మనిషిగా, స్నేహితుడిగా దొరికారు. ఇద్దరూ కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు, జీవితాంతం ఆ స్నేహం నిలిచింది. మరోవైపు, ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో పనిచేస్తూ కూడా భారతీయ సహోద్యోగిని గుమ్మం దాటి లోపలికి పిలవని మిషనరీలను కూడా ఆయన చూశారు. తేడా ఎక్కడుందో ఆయనకు స్పష్టంగా అర్థమైంది. ఎడ్డీతో స్నేహం లేకపోయి ఉంటే, దూరం పాటించడం తెల్లవారి స్వభావమని సరిపెట్టుకునేవారేమో. స్నేహం సాధ్యమేనని తెలిసింది కనుకనే, అది లేనిచోట లోపం ఉందని చెప్పగలిగారు.

1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మస్ నాడు సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. రెండింటి స్థాపనలోనూ అజరయ్యది ముఖ్య పాత్ర. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీదుగా, భారతీయుల నిర్వహణలో సేవ జరగాలన్నదే వాటి ఉద్దేశం. ఇతరులను పంపి తాను ఇంట్లో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. పట్టణంలో పేరున్న ఉద్యోగం వదిలి, భాష రాని ఊరికి వచ్చి, అక్షరాల దగ్గర్నుంచి తెలుగు నేర్చుకున్నారు. ఎడ్ల బండి మీద పల్లెలు తిరిగారు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. జాన్ మాట్ అధ్యక్షుడు. దాదాపు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా సంఘాల నుంచి వచ్చినవారు ఇరవై మంది కూడా లేరు. విదేశీ సేవకులు, స్వదేశీ సేవకులు కలిసి పనిచేయడంలో ఉన్న చిక్కుల గురించి మాట్లాడమని అజరయ్యను కోరారు. కృతజ్ఞతలు చెప్పి, రెండు మంచి మాటలాడి దిగిపోయి ఉంటే అందరూ మెచ్చుకునేవారు. ఆయన అలా చేయలేదు.

ఆనాడు ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. మిషనరీకి, భారతీయ సేవకుడికి మధ్య ఉన్న సంబంధం జీతమిచ్చే యజమానికి, జీతం పుచ్చుకునే నౌకరుకు మధ్య ఉండే సంబంధంగా మారిపోయింది. ఈ పద్ధతి ఉన్నంతకాలం ఇద్దరి మధ్య సహవాసం పుట్టదు. బాధ్యత గల పనులు భారతీయుల చేతికి రానంతకాలం వారి సామర్థ్యం పెరగదు. కరచాలనం చేయడం, ఇంటికి పిలవడం, కలిసి భోజనం చేయడం వంటి చిన్న మర్యాదలు కూడా కరువైన చోట, పెద్ద పెద్ద తీర్మానాల వల్ల ఒరిగేదేమీ లేదు. చివరగా, ప్రేమ లేని త్యాగం గురించి పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయాన్ని తలపించేలా, మిషనరీలు ఆస్తులిచ్చారనీ ప్రాణాలూ ఇచ్చారనీ ఒప్పుకుంటూనే, ఇంకా ఇవ్వనిది స్నేహమేననీ అది కూడా ఇవ్వమనీ అడిగారు.

సభలో కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు నొచ్చుకున్నారు. జీవితమంతా ధారపోసిన తమను గర్విష్ఠులనడం అన్యాయమని వారికి అనిపించి ఉంటుంది. కానీ అజరయ్య ఎవరి పేరూ ఎత్తి నిందించలేదు. వారి త్యాగాన్ని తక్కువ చేయలేదు. మంచి మనసున్నవారు కూడా ఒక చెడ్డ అలవాటులో భాగస్థులు కాగలరని మాత్రమే చూపించారు. ఈనాటి శిక్షణ తరగతుల్లో ఎంతో కష్టపడి చెప్పే సంగతి కూడా ఇదే. వివక్ష అంటే తిట్టడం ఒక్కటే కాదు. పిలవకపోవడం, అడగకపోవడం, అప్పగించకపోవడం కూడా వివక్షే.

మాట్లాడటం ఒక ఎత్తు, పదవిలో కూర్చోవడం ఇంకో ఎత్తు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్‌గా చేయాలని పట్టుబట్టినప్పుడు అసలు పరీక్ష మొదలైంది. భారతీయుడి కింద తెల్లవారు పనిచేయలేరని కొందరు మిషనరీలు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరాలు తెల్లవారి నుంచే రాలేదు. ఆయన కులాన్ని లెక్కలోకి తీసుకుని మాట్లాడిన భారతీయ క్రైస్తవులు కూడా ఉన్నారు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘాల చరిత్రలో ఆయనే మొదటి భారతీయ బిషప్.

అయితే మొదట ఆయనకు అప్పగించింది చిన్న అధ్యక్ష మండలం. తెల్ల మిషనరీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు ఆయన పరిధిలోకి రాలేదు. తర్వాత, 1920 ప్రాంతంలో, కృష్ణా, గోదావరి వైపు సి.ఎం.ఎస్. మిషన్లు, నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషన్లు దోర్నకల్ మండలంలో కలిశాయి. అప్పుడు ఆంగ్లేయ మిషనరీలు కూడా ఆయన అధికారం కింద పనిచేశారు. పనిచేయలేరన్న వాదన పనిలోనే వీగిపోయింది. అయినా ఒక చేదు నిజం చెప్పుకోవాలి. 1912 నుంచి ఆయన కన్నుమూసేవరకు, అంటే ముప్పై రెండేళ్లపాటు, భారతదేశంలోని ఆంగ్లికన్ సంఘంలో ఒక అధ్యక్ష మండలానికి బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆయనొక్కరే. ఒక్కరిని పైకి తెచ్చి, ఆ ఒక్కరిని చూపిస్తూ తలుపు మూసేయడం ఏ సంస్థకైనా చాలా తేలిక.

ఇక ఈ జీవితంలో మనల్ని సూటిగా ప్రశ్నించే భాగం ఇప్పుడు మొదలవుతుంది. తెల్లవారి దూరాన్ని ఎడింబరోలో ఎత్తిచూపిన అజరయ్య, దోర్నకల్ తిరిగొచ్చాక అదే దూరాన్ని మన పల్లెల్లో చూశారు. ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఊరు వారిద్దరినీ దూరం పెట్టింది. ఆ ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు దూరం పెట్టుకున్నారు. కలిసి తినరు, ఒకరి పేటకు మరొకరు వెళ్లరు, పిల్లనివ్వరు. క్రీస్తు పేరు పెట్టుకున్నా కంచాలు వేరుగానే ఉన్నాయి.

ఆయన దీన్ని ప్రసంగాలకే వదిలేయలేదు. పల్లె ఉపాధ్యాయులకు, సంఘ కాపరులకు శిక్షణ ఇచ్చే చోటే మార్పు మొదలుపెట్టారు. దోర్నకల్‌లో శిక్షణకు వచ్చినవారు ఏ కులం వారైనా ఒకేచోట ఉండాలి, ఒకే పంక్తిలో తినాలి. భర్తలతో పాటు భార్యలకూ చదువు చెప్పారు. ఎందుకంటే ఎవరికి ఏ గ్లాసులో నీళ్లివ్వాలన్నది ఇంట్లోనే నిర్ణయమవుతుంది. ఇలా తయారైనవారు తిరిగి పల్లెలకు వెళ్లి బడులు నడిపారు. ఆయన కాలం ముగిసేసరికి దోర్నకల్ మండలంలో సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వందకు పైగా భారతీయ గురువులు పనిచేస్తున్నారు. బాధ్యత ఇస్తే సామర్థ్యం పెరుగుతుందని ఎడింబరోలో చెప్పిన మాటను తన చేతిలో అధికారం ఉన్నప్పుడు తానే నిలబెట్టుకున్నారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌ను ఒకసారి చూడండి. గుమ్మటాలు, మినార్లను తలపించే గోపురాలు, తామర పువ్వులు చెక్కిన స్తంభాలు కనిపిస్తాయి. ఇంగ్లండు నుంచి ఊడబెరికి తెచ్చి నాటిన కట్టడంలా ఉండదు. మన దేవుణ్ణి ఆరాధించడానికి మనం మరొకరిలా మారనక్కర్లేదని ఆ రాళ్లు చెబుతాయి. వేర్వేరు మిషన్లుగా చీలిన సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడ్డారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువు పిలుపు అందుకున్నారు. రెండేళ్ల తర్వాత, 1947లో, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు.

ప్రియ పాఠకులారా, ఈ జీవితం నుంచి మన పనిచోట్లకు ఏం తీసుకెళ్లగలం? మొదటిది, అజరయ్య వివక్షను గాలిలో తిట్టలేదు, లెక్కబెట్టగలిగే పనుల్లో చూపించారు. మీ కార్యాలయంలో, మీ ఆసుపత్రిలో, మీ బడిలో ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారు? ఎవరిని సమావేశాలకు పిలుస్తున్నారు, ఎవరికి కబురు మాత్రమే పంపుతున్నారు? ఒకే పనికి ఎవరి జీతం ఎంత? ఏ శిక్షణ తరగతి అయినా ఈ ప్రశ్నల దగ్గరికి రాకుండా ముగిస్తే అది సర్టిఫికెట్ల పంపకమే. రెండవది, ఆయన వెనకాల గొణగలేదు, అధికారం ఉన్నవారి ఎదుటే, వారిని అవమానించకుండా మాట్లాడారు. అందుకు ధైర్యం కావాలి, మర్యాదా కావాలి. రెండింటిలో ఏది తగ్గినా మాట చెల్లదు. మూడవది, ఎడ్డీలాంటి స్నేహితుడి అవసరం. వివక్షకు గురైనవాడే ప్రతిసారీ లేచి మాట్లాడాలంటే అలసిపోతాడు. పక్కనున్నవాడు నోరు విప్పాలి.

నాలుగవది మనకే. లండన్‌లోనో డాలస్‌లోనో మన పేరు పలకడం రాక ఎవరైనా నవ్వితే మన మనసు గాయపడుతుంది, పడాలి కూడా. అదే మనం ఇక్కడ ఉద్యోగానికి వచ్చిన కుర్రాడి ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ వైపు ఇల్లని ఆరా తీసి, ఆ తర్వాత మాట తీరు మారుస్తున్నామా? మన సంఘాల్లో, మన సంస్థల్లో పదవులు పంచుకునేటప్పుడు మాల, మాదిగ లెక్కలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి కదా? పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇంటి నుంచి వెళ్లి, విదేశంలో సమానత్వం మీద పరీక్ష రాసి నెగ్గడం పెద్ద విశేషమేమీ కాదు.

అజరయ్య అడిగింది దయ కాదు. దయ అప్పటికే కావలసినంత ఉంది. ఆయన అడిగింది ఒకే బల్ల దగ్గర చోటు. తనకు ఆ చోటు దొరికాక, దాన్ని తనకంటే కిందివాడికి జరిపి ఇచ్చారు. ఈ వారం మీ పనిచోట మధ్యాహ్నం భోజనానికి కూర్చునేటప్పుడు చుట్టూ చూడండి. ఒంటరిగా తింటున్నవారు ఎవరైనా ఉంటే, మీ క్యారియర్ తీసుకుని వెళ్లి వారి పక్కన కూర్చోండి.