నొప్పి వచ్చేదాకా ఆగొద్దన్న డాక్టరు

సిసిలీ సాండర్స్ 1918లో ఇంగ్లండ్‌లో పుట్టారు. మొదట నర్సు. నడుంనొప్పితో ఆ ఉద్యోగం వదిలి, ఆసుపత్రిలోనే రోగుల బాగోగులు చూసే సామాజిక కార్యకర్తగా చేరారు. అక్కడే డేవిడ్ తాస్మా పరిచయమయ్యారు. పోలెండ్ నుంచి వచ్చిన యూదు శరణార్థి. క్యాన్సర్ ముదిరింది, అయినవాళ్లెవరూ దగ్గర లేరు. ఇలాంటివారికి చివరి రోజుల్లో ఎలాంటి చోటు కావాలో ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. 1948లో ఆయన ఆ చోటు కోసం 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చి కన్నుమూశారు.

ఆ తర్వాత ఆమె వైద్యం చదివి 1957లో డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. అప్పట్లో చాలాచోట్ల రోగి నొప్పితో అల్లాడాకే మార్ఫిన్ ఇచ్చేవారు. ఆమె మాత్రం నొప్పి తిరగబెట్టకముందే, వేళ ప్రకారం ఇప్పించారు. దిగులు, ఒంటరితనం, ఇంటి గురించిన బెంగ కూడా నొప్పిలో భాగమేనని చూపారు. 2005లో అదే హాస్పిస్‌లో, రోగిగా తుదిశ్వాస విడిచారు.

మన ఇంట్లోవారి కోసం హాస్పిస్ వెతికేటప్పుడు గదులకంటే ముందు ఇవి అడగాలి. నొప్పి ఎంతుందో రోజూ అడిగి రాసుకుంటారా? అర్ధరాత్రి నొప్పి వస్తే మందు ఎవరిస్తారు? ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడేవారున్నారా?