జైలుకైనా సిద్ధమన్న డాక్టర్ రఖ్మాబాయి

రఖ్మాబాయి 1864లో బొంబాయిలో జన్మించారు. పదకొండో ఏటనే దాదాజీ భికాజీతో పెళ్ళి చేశారు. ఆమె పుట్టింట్లోనే ఉండి చదువుకున్నారు. భార్యను కాపురానికి పంపాలని 1884లో భర్త దావా వేశాడు. ఊహ తెలియని వయసులో చేసిన పెళ్ళికి కట్టుబడనని ఆమె ఎదురు నిలిచారు. 1885లో తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది గానీ అప్పీలు తర్వాత తారుమారైంది. 1887లో కోర్టు కాపురమా, ఆరు నెలల జైలా తేల్చుకోమంది. ఆమె జైలుకే సిద్ధపడ్డారు. 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరింది. తర్వాత లండన్‌లో వైద్యం చదివి సూరత్, రాజ్‌కోట్‌లలో స్త్రీలకు సేవ చేశారు.

ఆనాడు హిందూ స్త్రీకి విడాకుల చట్టమే లేదు. 1955 మేలో హిందూ వివాహ చట్టం వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో ఆమె కన్నుమూశారు.

విడాకులంటే చెల్లిన పెళ్ళిని ముగించడం. రద్దంటే ఆ పెళ్ళే చెల్లదని కోర్టు ప్రకటించడం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ళలోపు పెళ్ళి చేసిన అమ్మాయి తనకు ఇరవై ఏళ్ళు నిండేలోపు రద్దు కోరవచ్చు. రఖ్మాబాయి కోరిన న్యాయం ఇదే.

హాస్టల్ చెల్లెళ్ళారా! చదువు మధ్యలో ఇంట్లో పెళ్ళి మాట ఎత్తితే ఆమెను తలచుకోండి. చట్టం మీకు అండగా ఉంది.