మాస్టరు మహాశయుడు నందలాల్ వసు

నందలాల్ వసును దేశమంతయు చిత్రకారుడుగా ఎరుగును. శాంతినికేతనమున మాత్రము విద్యార్థులకు ఆయన మాస్టరు మహాశయుడు. ముప్పది సంవత్సరములకు పైగా ఆయన అచ్చట పిల్లలకు చిత్రకళను నేర్పెను. బొమ్మ గీయుట ఒక్కటే కాదు, ఆ బొమ్మ ఏ కాలమున, ఏ ప్రజల నడుమ, ఏ అవసరమునకు పుట్టినదో కూడ నేర్పెను.

ఆయన 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా, ఖరగ్‌పూరున జన్మించెను. ఇది రైల్వే జంక్షనుగా పేరొందిన ఖరగ్‌పూరు కాదు. తండ్రి పూర్ణచంద్ర వసు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీ దేవి బొమ్మలు చేయుటలో నేర్పరి. ఊరిలోని కుమ్మరులును, పూజలకు దేవతా విగ్రహములను మలచు పనివారును ఆ బాలునకు మొదటి గురువులు. బడిలో చెప్పని చదువు వీధిలో దొరకెను.

పై చదువునకు కలకత్తా వచ్చిన పిదప కష్టములు మొదలయ్యెను. 1902లో ప్రవేశ పరీక్ష గట్టెక్కెను గాని ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. కళాశాల మార్చినను ఫలితము మారలేదు. పుస్తకములకని ఇంటివారు ఇచ్చిన పైకము చిత్రముల నకళ్లకు, పాత పత్రికలకు ఖర్చయ్యెడిది. కడకు పెద్దలు వాణిజ్య విద్యలో చేర్పించిరి. అదియు సాగలేదు. కుర్రవాడు చెడిపోయెనని బంధువులు అనుకొనియుందురు. కాని ఆనాటి కళాశాలలలో చిత్రకళకు ఒక గంటయైనను కేటాయింపు లేదు. తప్పినది విద్యార్థియా, విద్యావిధానమా అని అడుగువారు అప్పుడు లేకపోయిరి.

1905లో ఆయన కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో అవనీంద్రనాథ ఠాకూరునకు శిష్యుడయ్యెను. అచ్చట హావెల్ దొర ఐరోపా చిత్రములను తొలగించి, మొగలాయి చిత్రములను మన బాలురకు చూపుచుండెను. 1908లో 'శివ-సతి' చిత్రమునకు నందలాలునకు 500 రూపాయల బహుమతి లభించెను. ఆ సొమ్ముతో ఆయన దేశాటనమునకు బయలుదేరి కాశీ, ఆగ్రా మొదలైన చోట్లు చూచెను. 1909 శీతకాలమున హెరింగ్‌హామ్ దొరసాని అజంతా గుహాచిత్రములకు నకళ్లు తీయించుచుండగా ఆ పనికి పోయిన శిష్యులలో ఆయనయు ఒకడు. నేరుగా గోడయెదుట నిలిచి నేర్చినది పుస్తకమున దొరకదని ఆయనకు అచ్చట తెలిసివచ్చినది. తరువాతి బోధనకు అదియే పునాది.

ఇంతలో ఆయన జీవితమున పెద్ద చిక్కు ఏర్పడెను. రవీంద్రనాథుడు 1919లో శాంతినికేతనమున కళాభవనమును నెలకొల్పి ఆయనను రమ్మనెను. గురువైన అవనీంద్రుడు కలకత్తాలోనే ఉండుమనెను. ఇద్దరును పెద్దలే, పైగా ఒకే కుటుంబమువారు. నందలాలు కొంతకాలము అటునిటు ఊగిసలాడి, కడకు శాంతినికేతనమునే ఎంచుకొనెను. రాజధానిలోని పేరును, కొనుగోలుదారులను విడిచి మట్టి ఇండ్ల నడుమకు పోవుట సామాన్యమైన త్యాగము కాదు. 1922లో ఆయన కళాభవనమునకు అధ్యక్షుడయ్యెను.

ఆయన పాఠము గదిలో కంటె వెలుపలనే ఎక్కువ. విద్యార్థులను వెంటబెట్టుకొని రాజగృహము, నాలందా వంటి చోట్లకు పోయి, శిథిలముల యెదుట కూర్చుండబెట్టి గీయించెడివాడు. 1924లో రవీంద్రునితో చైనా, జపానులు చుట్టివచ్చి, అచ్చటి సిరాచిత్రముల పద్ధతిని పిల్లల ముందుంచెను. అంతమాత్రమున సొంత ఊరిని మరువనీయలేదు. సుకుమారీ దేవి అను పల్లెటూరి వితంతువు అచ్చట ఆల్పన నేర్పెను. మన ఆడపడుచులు వాకిట వేయు ముగ్గునకు అది వంగదేశపు చెల్లెలు. ముగ్గు వేయునామె చిత్రకళాశాలలో గురుస్థానమున నిలుచుట ఆ రోజులలో వింతయే.

1934 ప్రాంతమున ఆయనయు, రామ్‌కింకర్ బైజ్ మొదలైన శిష్యులును కలిసి నల్ల ఇల్లు అను విద్యార్థి వసతిగృహమునకు పూనుకొనిరి. మట్టిగోడలకు తారు పూసి, వాటిపై భారహుతు, మహాబలిపురము, ఈజిప్టు, అసీరియా శిల్పములకు అనుకృతులు మలచిరి. పిల్లవాడు నిద్ర లేచి బయటికి రాగానే ప్రపంచ శిల్పచరిత్ర గోడపై కనిపించును! ఇంతకంటె తేలికయైన చరిత్ర పాఠము మరొకటి ఉండునా?

శాంతినికేతనపు పిల్లలకు దక్కినది దేశమందలి ప్రతి బడిపిల్లవానికిని దక్కవలెనని ఆయన కోరిక. విద్యలో కళాస్థానమును గూర్చి వ్రాసిన వ్యాసమున, తరగతి గదులలో మంచి చిత్రముల నకళ్లు పెట్టవలెననియు, బాలురను వస్తుప్రదర్శనశాలలకు కొనిపోవలెననియు, ఋతూత్సవములు జరుపవలెననియు సూచించెను. పేద సంతాలు గుడిసె అద్దమువలె నుండగా, మేడవంటి వసతిగృహమున చదువుకొన్న యువకుని గది చిందరవందరగా నుండునని ఎత్తిపొడిచెను. మన శిల్పముల గొప్పతనము విదేశీయులు చెప్పిన పిదపనే మనకు తెలిసినదని నొచ్చుకొనెను. విశ్వవిద్యాలయములు కళను పాఠ్యవిషయముగా చేర్చినచో గాని ఉన్నత పాఠశాలలు దానిని పట్టించుకొనవని ఆయన వాదము. ఎఫ్.ఏ. తప్పినవాని నోట ఆ మాటకు బరువెక్కువ.

గాంధీజీ కోరికపై 1938 హరిపురా కాంగ్రెసునకు ఆయన బృందము 400 వరకు చిత్రములు సిద్ధపరచెను. వానిలో 80కి పైగా ఆయన స్వహస్తముతో వేసినవే. డోలు వాయించువాడు, కుమ్మరి, చెప్పులు కుట్టువాడు అందు నాయకులు.

ప్రభుత్వోద్యోగులు నిత్యము పేర్కొను రాజ్యాంగమునకును ఆయన చేయి తగిలినది. 1950 నాటి మూలప్రతిలో 22 భాగములకును తలకట్టు చిత్రములను ఆయనయు, శిష్యులును కూర్చిరి. సింధులోయ వృషభముద్రతో మొదలై, వేదకాలపు గురుకులము, బుద్ధుడు, నాలందా, నటరాజు, మహాబలిపురపు గంగావతరణము, అక్బరు, దండి యాత్రల మీదుగా సాగి సముద్రముతో ముగియును. ఒక్కొక్క కాలమునకు ఆ కాలపు శైలినే వాడుటకు ప్రయత్నించిరి. చట్టమునకు బొమ్మలెందుకని అనుకొనువారు ఒకసారి వరుసగా తిరుగవేసి చూతురుగాక!

ఆయన వద్ద నేర్చినవారిలో వినోదబిహారీ ముఖర్జీ, సత్యజిత్ రాయ్ ఉన్నారు. హైదరాబాదు నుండి పోయి నేర్చివచ్చిన మన కొండపల్లి శేషగిరిరావు కలడు.

1951లో నందలాలు పదవి విరమించెను. 1954లో పద్మవిభూషణ్ బిరుదు వచ్చెను. శిష్యులకు ఆయన ఉత్తరములు మాత్రము మునుపటివలెనే చేరెడివి. పోస్టుకార్డుపై ఒక తాడిచెట్టో, ఒక మేకయో, సంతకు పోవు సంతాలు స్త్రీయో, క్రింద రెండు ముక్కలో. 1966 ఏప్రిల్ 16న, 83 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను.