పీటర్ డిబై

నిశ్చలంగా కనిపించే స్ఫటికంలో పరమాణువులు నిరంతరం కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనాలలోని ఉష్ణ రహస్యాన్ని వెలికితీసిన శాస్త్రవేత్తలలో పీటర్ డిబై అగ్రగణ్యులు.

ఆయన 1884 మార్చి 24న నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరంలో జన్మించారు. జర్మనీలో విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించి, గురువు సోమర్‌ఫెల్డ్ ప్రభావంతో భౌతికశాస్త్రం వైపు మరలారు. పరమాణువులు విడివిడిగా గాక, కలిసికట్టుగా అలలవలె కంపిస్తాయని భావించి, అతిశీతల స్థితిలో ఘనపదార్థాల విశిష్టోష్ణం ఎందుకు క్షీణిస్తుందో 1912లో వివరించారు. ఉష్ణాన్ని మోసే ఆ అలలు ఒకదానినొకటి అడ్డగించుకోవడమే స్ఫటికంలో ఉష్ణప్రవాహానికి నిరోధమని 1914లో సూచించారు. పొరలుగా అమరిన అర్ధవాహక స్ఫటికాలలో ఉష్ణం పొర వెంబడి వేగంగాను, పొరకు అడ్డంగా మందంగాను పయనిస్తుంది. ఈ భేదాన్ని వివరించడానికి నేటికీ అలల భావనయే ఆధారం.

అణునిర్మాణ పరిశోధనకు 1936లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి జర్మనీ నాజీల ఏలుబడిలో ఉంది. యూదు సభ్యులు వైదొలగాలని కోరే లేఖపై 1938లో జర్మన్ భౌతికశాస్త్ర సంఘాధ్యక్షునిగా ఆయన సంతకం చేశారు. అదే సంవత్సరం యూదు వంశీయురాలైన శాస్త్రవేత్త లీస్ మైట్నర్ దేశం దాటడానికి తోడ్పడ్డారు. జర్మన్ పౌరసత్వం స్వీకరించాలన్న ఒత్తిడికి తలవంచక, 1940లో అమెరికా వెళ్ళి కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1966 నవంబరు 2న కన్నుమూశారు.

స్ఫటిక నియమాలను నిశితంగా గ్రహించిన మేధావికి సైతం కష్టకాలంలో ధర్మాధర్మ నిర్ణయం సులభం కాలేదని ఆయన జీవితం తెలుపుతుంది.