కలివికోడి కబురు విన్న సలీం అలీ

బొంబాయిలో మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరుగుతున్న ఓ పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ముస్లిం ఇంటి పిల్లవాడు కావడంతో, ఇది తినదగినదేనా అన్న సందేహం వచ్చింది. పిట్టను మామయ్య దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లర్డ్ దొర పిట్ట పేరు చెప్పి, అరల నిండా భద్రపరచిన పక్షులను చూపించారు. ఆ పిల్లవాడే డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న జన్మించారు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్లకు తల్లిని కోల్పోయారు. పెద్ద చదువుల పట్టాలు లేవు. జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చినా ఉద్యోగం దొరకలేదు. అయినా నిరాశ చెందక, సముద్రపు ఒడ్డున ఉన్న కిహిం గ్రామంలో ఉంటూ గిజిగాడి గూళ్లను ఓపికగా గమనించారు. చంపిన పక్షిని కొలవడం కంటే బతికి ఉన్న పక్షిని చూడడం మిన్న అని ఆ రోజులు నేర్పాయి.

1931-32లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మినా ఆయన వెంట అడవులు తిరిగారు. 1939లో ఆమె మరణించడం ఆయనకు తీరని లోటు. 1941లో వచ్చిన ఆయన పక్షుల పుస్తకం ఎందరికో కళ్లు తెరిపించింది.

సముద్రతీరాన పరుగులు తీసే ఉల్లంకి పిట్టల వర్గానికే చెందినా, మెట్ట పొదల్లో బతికే చిన్న పక్షి కలివికోడి. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్లీ జాడ లేదు. వెతికినవారికి దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సలీం అలీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ల సాయంతో కడప జిల్లాలో దానిని కనుగొన్నారు. పిట్టలు పట్టే చేతులే దాని ఉనికిని లోకానికి చూపాయి. ఆ కబురు వచ్చేనాటికి సలీం అలీ వయసు 89 ఏళ్లు. మరుసటి ఏడు, 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు.

కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. మనిషి అలికిడికే తప్పుకుంటుంది. అందుకే 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరచి దాని అడుగుజాడలు చూశారు. పక్షి ఎదురుగా రాగానే తనంతట తాను ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. తుపాకీ అక్కరలేదు, వల అక్కరలేదు.

ఆ పక్షి ఇప్పటికీ అంతరించే ప్రమాదం అంచునే ఉంది. పొదలు నరికితే, కాలువలు తవ్వితే దానికి వేరే చోటు లేదు. చేతిలో ఉన్న పిట్ట గురించి ఆగి అడిగిన ఒక పిల్లవాడి సందేహం ఎంతదూరం నడిపించిందో చూశాం. గొడ్డలి ఎత్తే ముందు మనమూ అలా ఒక్కసారి ఆగి అడిగితే చాలు.